ఆరో ల్యాపుల నీ మోచేతులు

సూరత్, లింబాయత్
2026 మార్చి 8, ఆదివారం

అల్లుడా,

నువ్వు పంపిన వీడియో అయిదుసార్లు చూసిన. మీ అత్త ఒక్కసారే చూసి, "పడలే కదా, చాలు" అని వంటింట్లకు పోయింది. రెండో స్థానంల ఉన్నోనివి ఏడో స్థానంల తేలినవ్. కింద మెసేజ్‌ల ఏం రాసినవ్? బండిల దమ్ము లేదు, కొత్త ఎగ్జాస్ట్ పైపు వేస్తే గెలుస్తనని. అమ్మకు చెప్పకు, పైసలు నువ్వే సర్దు అని. ఫోన్‌ల జవాబు చెప్తే "సరే మామా" అని పెట్టేస్తవ్. అందుకే కాగితం మీద పెడుతున్న.

బండిల దమ్ము ఉంది. మొదటి నాలుగు ల్యాపులు చూడు, నీ ముందటోని వెనక చక్రానికి నీ ముందటి చక్రం గజం దూరంల ఉంది. అదే బండి ఆరో ల్యాపుకు ఎట్ల నీరసపడ్డది? ఎడమ మూల తిరిగినంక వచ్చే పెద్ద జంపు కాడ వీడియో ఆపు. అప్పటిదాక బయటికి, పైకి ఉన్న మోచేతులు పక్కటెముకలకు అతుక్కున్నయ్. మోకాళ్ళు ట్యాంకుకు దూరమైనయ్. జంపు దిగంగనే కుడిచెయ్యి హ్యాండిల్ మీది నుంచి తీసి ఒక్క క్షణం విదిలించినవ్. ఆ విదిలింపు చూసినంక నాకు ఇంకేం చూడబుద్ధి కాలే. నీ ముంజేతులు కొయ్యబారినయ్. వేళ్ళు క్లచ్ మాట, బ్రేకు మాట వినుడు బంద్ చేసినయ్.

రైడర్లు దీన్ని ఆర్మ్ పంప్ అంటరు. హ్యాండిల్‌ను గట్టిగ పట్టిన కొద్దీ ముంజేతి కండల్లకు నెత్తురు ఉరికొస్తది, కండ ఉబ్బుతది. కండను చుట్టి ఉన్న పొర మాత్రం సాగది. లోపల ఒత్తిడి పెరిగి, వచ్చిన నెత్తురుకు తిరిగిపోయే తోవ దొరకది. డంబెల్స్ ఎత్తి ముంజేతులు లావు చేస్తే ఇది పోతదనుకునేటోళ్ళు చానమంది ఉన్నరు. నేను కూడ ఒక ఏడాది అదే చేసిన, ఇంకా ఎక్కువైంది. బండిని పట్టుకోవాల్సింది మోకాళ్ళు, తొడలు. కాళ్ళు చేసే పని నువ్వు చేతుల మీద పెట్టినవ్.

నేత సాంచాల కాడ కొత్తగ చేరిన పోరగాండ్లను చూసినవా? పోగు తెగితే వేళ్ళు బిగబట్టి ముడి వేస్తరు, గంటకే వేళ్ళు వంకర పోతయ్. మీ తాత వేళ్ళు చూస్తే నిద్రపోతున్నట్టు ఉండేటివి, ముడి మాత్రం పడిపోయేది. 1986ల సిరిసిల్ల నుంచి ఆయన వెంబడి ఈ ఊరికి వచ్చినప్పుడు నాకు పదకొండు ఏండ్లు. పన్నెండు గంటల షిఫ్టు దిగి వచ్చినంక కూడ ఆయన చెయ్యి వణకంగ నేను చూడలే.

చేతులు వదులుగ ఉండాలంటే కాళ్ళు, నడుం గట్టిగుండాలె. మోటోక్రాస్ అంటే కూసోని తోలుడు కాదు. సగం గుంజీ తీసి ఆగిపోయిన మనిషి లెక్క నిలబడి, కింద నుంచి వంద కిలోల బండి తంతుంటే తట్టుకునుడు. గుండె నిమిషానికి 180 దాటి కొట్టుకుంటది, అదీ మొదటి మూల నుంచి ఆఖరు జెండా దాక. ప్రపంచ చాంపియన్‌షిప్పుల ఒక్కో రేసు 30 నిమిషాలు, ఆపైన రెండు ల్యాపులు, ఒక్కదినమే అట్లాంటివి రెండు. నీ రేసు దాంట్ల సగం లేదు.

వారానికి మూడు దినాలు సైకిల్ తొక్కు. గంటసేపు, పక్కోనితోని మాట్లాడుకుంట పోయేటంత మెల్లగ. ముసలోళ్ళు దాటిపోతుంటే నామోషీ అయితది, కానీయ్. ఆరు వారాలు అట్ల తొక్కినంక, వారంల ఒక్కదినం రెండు నిమిషాలు ప్రాణం పెట్టి, రెండు నిమిషాలు మెల్లగ, ఆరుసార్లు చెయ్. ఇంకో రెండు దినాలు గుంజీలు, దండాలు, కమ్మికి వేలాడి పైకి గుంజుకునుడు, కండ్లు మూసుకొని ఒంటికాలి మీద నిలబడుడు. జిమ్ముకు కట్టే పైసలు మిగిలించుకో, వీటికి జిమ్ము అక్కరలే.

బరువులు ఎత్తే పంతం మాత్రం దోస్తులతోని పెట్టుకోకు. ముందటేడు దసరాకు నా భుజం దాక ఉన్నోనివి, ఈ సంక్రాంతికి నా చెవి దాక వచ్చినవ్. ముందు ఎముక పెరుగుతది, కండ వెనక వస్తది. ఈ నడుమ నీ కాళ్ళు నీ మాట సరిగ వినవ్. నిన్న సులువుగ దాటిన జంపు ఇయ్యాల తప్పితే నువ్వు చేతగానోనివి అయినట్టు కాదు. ఎముకల కొసలల్ల పెరిగే భాగం నీ వయసుల ఇంకా గట్టిపడలే. మోకాలు చిప్ప కింద నొప్పి లేస్తే దాచకు, ఆ వారం జంపులు ఆపు.

ఇగ తిండి. సూరత్‌ల తినాలె, కాశీల చావాలె అని ఇక్కడోళ్ళ సామెత. మొదటి సగం నేను ముప్పై ఏండ్లు పాటించిన, నా పొట్ట చూసినవ్ కదా. ఎండకాలం సెలవులకు నువ్వు ఇక్కడికి వస్తే పొద్దున్నే నూనె, వెన్న, సేవ్ పోసిన లోచో కనపడతది, రాత్రి బండ్ల మీద గుడ్ల ఘోటాలా వెన్నల ఈదుతుంటది. గుడ్డు మంచిదే, వెన్నతోనే పంచాయితీ. నూనె కడుపుల శానాసేపు కూసుంటది, స్టార్టు గేటు కాడ నిలబడ్డప్పుడు ఆ బరువు తెలుస్తది. చలికాలం వస్తే మాత్రం పోంక్ తిననిస్త. అది మన ఊచబియ్యమే, లేత జొన్నకంకి కాల్చి రాల్చినయ్. అడాజణ్ దిక్కు అమ్ముతుంటరు. మొదటిసారి అది నోట్లె పెట్టుకున్నప్పుడు మీ తాత కండ్లల్ల నీళ్ళు వచ్చినయ్.

మిగతా దినాలల్ల మీ అమ్మ పెట్టేదే తిను. జొన్నరొట్టె, పప్పు, పెరుగు, ఆదివారం కోడికూర. నువ్వు 58 కిలోలు. నీ పనికి దినానికి 90 గ్రాముల ప్రొటీన్ చాలు. గుడ్డుకు ఆరు గ్రాములు వస్తది, మిగిలింది పప్పు, పాలు, పల్లీలు, కూర నుంచి వస్తది. డబ్బా పొడులు కొనకు. లోపల ఏం కలిపిండ్రో మీద రాసి ఉండదు, రేపు డోప్ పరీక్షల పట్టుబడితే దుకాణపోడు రాడు. ఎనర్జీ డ్రింకులు నీ వయసోళ్ళకు అసలే వద్దు. రేసు దినం మూడు గంటల ముందు ఇడ్లీనో, పల్లీలు తక్కువేసిన అటుకుల ఉప్మానో తిను. రెండు రేసుల నడుమ అరటిపండు, కొంచెం పెరుగన్నం. ఆ దినం కొత్త తిండి ఏదీ నోట్లె పెట్టకు, ఎవ్వరు పెట్టినా.

నీళ్ళ సంగతి మాత్రం గట్టిగ చెప్తున్న. ప్రాక్టీసుకు ముందు తూకం ఎక్కు. అయినంక చెమట తుడుచుకొని మళ్ళ ఎక్కు. తగ్గిన బరువంతా దాదాపు నీళ్ళే. నీకు కిలో మీద కొంచెం తగ్గితే చాలు, కాళ్ళు బరువెక్కుతయ్, తెలివి మందగిస్తది. పోయిన కిలోకు లీటరు పైనే తాగాలె, లీటరున్నర దాక, కొంచెం కొంచెంగ, ఉప్పుతోని. ఉప్పు వేసిన మజ్జిగ బాగ పనిచేస్తది. లేకపోతే లీటరు నీళ్ళల్ల తలగోసిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉట్టి నీళ్ళు కడుపు నిండ తాగి ఎక్కకు. సూరత్ ఎండ మీ సిరిసిల్ల ఎండ లెక్క కాదు, గాలిల తేమ ఉంటది, చెమట ఆరది, ఒళ్ళు చల్లబడది. వచ్చిన మొదటి పది పన్నెండు దినాలు పొద్దుగాల్ల కొద్దిసేపే బండి తీయనిస్త. ఆ వేడికి ఒళ్ళు అలవాటు పడనీయ్.

ఇదంతా నేను పుస్తకంల చదివింది కాదు. 1996 మే నెలల ఒక డర్ట్ ట్రాక్ పోటీకి నా ఆర్‌ఎక్స్ 100 తీసుకొని పోయిన. ముందటి రాత్రి దోస్తులతోని ఘోటాలా, పొద్దున రెండు చాయ్‌లు, అంతే. సగం రేసుకు పిక్కలు పట్టినయ్, ఒక గడ్డ కాడ పడ్డ. తల నేలకు తగిలింది. లేచి, బండి లేపి, మళ్ళ ఎక్కిన. మూడో స్థానం వచ్చింది. ఆ కప్పు ఇప్పటికీ అల్మారీల ఉంది, నువ్వు చిన్నప్పుడు దాంట్ల గోలీలు వేసుకున్నవ్. పడ్డ కాడి నుంచి కప్పు తీసుకున్న దాక నాకు ఏదీ యాది లేదు. ఆఖరు రెండు ల్యాపులు నేను ఎట్ల తోలిననో దోస్తులు చెప్తే విన్న. తల మీద దెబ్బ తగిలి ఏమీ తెలియనోడు ఇరవై మంది నడుమ బండి తోలిండు. ఆ దినం నా ముందు ఎవరన్నా పడి ఉంటే?

తలకు దెబ్బ తగిలితే, కండ్లు తిరిగినా, వాంతి అనిపించినా, ఒక్క నిమిషం యాది లేకున్నా, ఆ దినం బండి దిగాలె. డాక్టర్ చెప్పేదాక ఎక్కొద్దు. 2015ల డాకార్ ర్యాలీ పూర్తి చేసిన మొదటి భారతీయుడు సి.ఎస్. సంతోష్ ఎక్కడి నుంచి పోయిండు? మన మోటోక్రాస్, సూపర్‌క్రాస్ ట్రాకుల నుంచే. ఆయనకే 2021 జనవరిల సౌదీల తలకు దెబ్బ తగిలి, డాక్టర్లు మందులిచ్చి కోమాల పెట్టాల్సి వచ్చింది. ఆయన హెల్మెట్ కంటె నీ హెల్మెట్ మంచిదేం కాదు. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ మళ్ళ పనికిరాదు, పైకి గీత కూడ పడకపోయినా సరే. పైపుకు కాదు, దానికి అడుగు పైసలు.

గచ్చిబౌలిల డిసెంబర్‌ల సూపర్‌క్రాస్ లీగ్ చూసొచ్చి నువ్వు గాల్లె చేసే విన్యాసాల గురించే గంటసేపు చెప్పినవ్. 2024 ఫిబ్రవరిల అహ్మదాబాద్‌ల అదే లీగ్‌కు నేనూ పోయిన. నేను ట్రాకు కంటె గుడారాల దిక్కే ఎక్కువ చూసిన. ఒక పరదేశపు పోరడు రేసుకు ముందు నిలబెట్టిన సైకిల్ మీద పావుగంట తొక్కిండు, చెమట పట్టేదాక. ఎందుకు? ఒళ్ళు చల్లగ ఉండి ఒక్కసారే గేటుల నుంచి ఉరికితే ముంజేతులు రెండో ల్యాపుకే పట్టేస్తయ్. నీ వీడియోల గేటుకు ముందు నువ్వేం చేస్తున్నవ్? ఫోన్ చూస్తున్నవ్.

గేటు కాడ పక్కోని మొఖం చూడకు. గేటు నీ దిక్కే పడతది, తొందరపడి ముందుకు తోస్తే చక్రం దాంట్ల ఇరుక్కుంటది. గేటు కదిలే పిన్ను మీదనే కన్ను పెట్టు. ముందుకు జరిగి కూసో, మోచేతులు పైకి. ఊపిరి వదులు. నువ్వు జంపు మీద ఊపిరి బిగబడతవ్, వీడియోల మెడ నరాలు కనపడుతున్నయ్. దిగేటప్పుడు ఊపిరి వదిలితే చేతులు వాటంతట అవే వదులైతయ్.

రేసుకు ముందు ట్రాకు మీద నడువు. బండి మీద కాదు, కాళ్ళతోని. నేను నేర్చుకున్నది ఇక్కడి నల్లరేగడిల. తడి ఉంటే చక్రానికి అంటుకొని బండి రెండింతలు బరువైతది, ఎండితే రాయి. పొద్దున ఉన్న ట్రాకు మధ్యాహ్నం ఉండది, మూలలల్ల గాళ్ళు పడతయ్. అందరూ లోపలి గాడిలనే దిగుతరు, దగ్గరని. అది తొందరగ లోతు పడతది. బయటి గాడి కొంచెం దూరమే కాని, వేగం పోకుండ బయటపడతవ్, ఆ తర్వాత వచ్చే తిన్నటి దారిల ఆ వేగమే నీ చేతికి వస్తది. నిన్ను ఆరో ల్యాపుల దాటిన ఎర్ర జెర్సీ పోరడు చేసింది అదే. వాని బండి నీదాని కంటె పాతది, గమనించినవా?

దాటాలంటే తొందరపడి లోపలికి దూరకు. రెండు ల్యాపులు వెనకాల ఉండి ముందటోడు ఎక్కడ ముందుగ బ్రేకు పడతడో, ఎక్కడ కాలు దించుతడో చూడు. వానికి అలసట వచ్చినంక తప్పు అక్కడనే చేస్తడు. పసుపు జెండా ఊపుతుంటే దాటొద్దు, జంపు ఎగరొద్దు. దాని మీద మాత్రం వాదన లేదు, అవతల ఎవడో పడి ఉంటడు.

షోరనూర్ పిలగాడు హరిత్ నోవా గురించి నువ్వే నాకు చెప్పినవ్. జాతీయ సూపర్‌క్రాస్ చాంపియన్, 2024 డాకార్‌ల ర్యాలీ 2 తరగతి గెలిచిండు, మొత్తం మీద పదకొండో స్థానం. వాని బండి ఏ పైపు వేసుకుందో నువ్వు చెప్పలే, నేను అడగలే.

నా రేసులు 2006 ఆగస్టుతోని బంద్ అయినయ్. ఉకాయి నీళ్ళు వదిలిన దినాలు. తాపీ వరద వచ్చి అడాజణ్ రేకుల షెడ్డుల ఉన్న నా బండి మీదికెల్లి పోయింది. నీళ్ళు తీసినంక ఇంజన్ విప్పితే సిలిండర్ నిండ బురద. అప్పటికి నాకు ముప్పై ఒకటి. నీకు పదహారే.

ఒక నోట్‌బుక్ కొను. ప్రతి ప్రాక్టీసుకు ముందు బరువు, తర్వాత బరువు, ఏం తిన్నవ్, ఎన్ని గంటలు పండుకున్నవ్, ఎన్నో ల్యాపుల చేతులు పట్టినయ్, ఈ అయిదు రాయి. నిద్ర తొమ్మిది గంటల కంటె తక్కువైతే అది కూడ నిజమే రాయి, నీ ఫోన్ సంగతి నాకు తెలుసు. మే మొదటి వారం వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెచ్చి నా చేతుల పెట్టు. పైపు పైసలు పక్కకు పెట్టిన, మీ అత్తకు కూడ చెప్పలే. చేతులు పట్టిన ల్యాపు ఆరు నుంచి పదికి పోయినట్టు ఆ పుస్తకంల కనపడితే నీకే ఇస్త. లేకపోతే దాంతోని హెల్మెట్ కొంటం.

మీ అమ్మకు, బావకు అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మామ