పాత సీకో 5 కొనొచ్చా? రాజోలు వాచీతో నేర్చుకున్న చెకింగ్

ఫోన్ అయితే బాక్స్ తెరిచి, స్పెక్స్ చూసి, నాలుగు టెస్టులు రన్ చేసి తీర్పు చెప్పేస్తాం. ముప్పై ఏళ్ళు దాటిన వాచీకి బాక్సూ ఉండదు, బిల్లూ ఉండదు. పోయినేడాది ఆన్‌లైన్‌లో ఒక పాత సీకో 5 చూశాను. నారింజ రంగు డయల్, తళతళలాడే చైను, ధర 2,600. ఫొటో చూసి ఆర్డర్ పెట్టేశాను. అమలాపురంలో వాచీలు బాగుచేసే ఒక పెద్దాయన మూత తీసి ఒక్క నిమిషం చూసి, "మిషన్ ఒకదానిదండి, మూత ఇంకోదానిది, డయల్‌కి మొన్నే రంగేశారు" అన్నారు. మూడు వాచీలు కలిపి నాకు ఒకటి అంటగట్టారన్నమాట.

అందుకే గత నెల రాజోలులో మాకు తెలిసిన అత్తయ్యగారు "మీ మావయ్యగారి వాచీ బాబూ, ఎవరో 800 ఇస్తానంటున్నారు, నువ్వు తీసుకుంటావా?" అని అడిగినప్పుడు తొందరపడలేదు. ఈసారి పోయేది నా డబ్బు ఒక్కటే కాదు. నేను తప్పు చెప్తే ఆవిడ నష్టపోతారు.

మన వైపు పాత వాచీలంటే ఎక్కువగా రెండు రకాలు. ఒకటి హెచ్ఎంటీ. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన ఫ్యాక్టరీ అది. జనతా, పైలట్ మోడల్స్ రోజూ కీ ఇస్తేనే నడుస్తాయి. రెండోది గల్ఫ్ వాచీ. కువైట్, దోహా, దుబాయ్ వెళ్ళిన మనవాళ్ళు చేతికి పెట్టుకొచ్చిన సీకో 5లు కోనసీమలో చాలా ఇళ్ళ బీరువాల్లో ఉన్నాయి. అత్తయ్యగారిది ఈ రకమే.

ముందు వాచీ తిప్పి వెనక మూత చూడండి. ఫోన్ మాక్రో కెమెరా ఇక్కడ పనికొస్తుంది. పాత సీకో మూత మీద రెండు నంబర్లుంటాయి. ఒకదాంట్లో గీతకి ముందున్న నాలుగు అంకెలు మిషన్ మోడల్. ఇక్కడ 7009. మూత తీశాక లోపల మిషన్ మీద కూడా 7009 అనే ఉండాలి. డయల్ అడుగున, 6 దగ్గర, చీమ తలకాయంత అక్షరాల్లో మళ్ళీ అదే నంబరు కనిపించాలి. మూడూ కలిస్తే సగం భయం పోయినట్టే. నా నారింజ వాచీకి డయల్ మీద ఆ అక్షరాలే లేవు, రంగు కింద కలిసిపోయాయి.

రెండోది సీరియల్ నంబర్. మొదటి అంకె సంవత్సరంలో చివరి అంకె, రెండోది నెల. అక్టోబర్‌కి సున్నా లేదా ఓ, నవంబర్‌కి ఎన్, డిసెంబర్‌కి డి. ఈ వాచీ మీద 82తో మొదలైంది. అంటే ఏదో దశాబ్దంలో 8తో ముగిసే ఏడాది, ఫిబ్రవరి. 1978 కావచ్చు, 1988 కావచ్చు. మావయ్యగారు మొదటిసారి కువైట్ వెళ్ళింది 1982లో అని అత్తయ్యగారు చెప్పారు కాబట్టి 1988 అనుకోవడం సబబు. వారం చూపించే చక్రం తిప్పి చూస్తే ఇంగ్లిష్ తర్వాత అరబిక్ వచ్చింది. గల్ఫ్ మార్కెట్‌కి పంపిన వాచీల్లో ఇలా ఉండేది. కథ, వాచీ ఒకే మాట చెప్తున్నాయి. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించాక, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానాల్లో వచ్చిన లక్ష మందికి పైగా జనంలో మావయ్యగారొకరు. సామానంతా అక్కడే వదిలేశారట, చేతికున్న ఈ వాచీ తప్ప.

డయల్ మీద, కీ ఉన్న 4 దగ్గర, గోధుమ రంగు మచ్చలు. చాలామంది ఇక్కడే వద్దంటారు. నేను మాత్రం మచ్చలు చూసి సంతోషించాను. అక్షరాల అంచులు పదునుగా ఉండి మచ్చలుంటే అది అసలు డయల్ అనే నమ్మకం పెరుగుతుంది. అక్షరాలు లావుగా, ఒరిగినట్టు ఉండి రంగు మాత్రం కొత్తగా మెరిస్తే అనుమానించండి. హెచ్ఎంటీ కొనేవాళ్ళకీ ఇదే మాట. అయితే తుప్పు సంగతి వేరు. మన సముద్రపు గాలికి, కాలవ తేమకి మూత కింది రబ్బరు వాషర్ పాడైతే నీరు నేరుగా మిషన్‌కి చేరుతుంది. స్క్రూల మీద, కీ పుల్ల మీద ఎర్రటి తుప్పుంటే ఎంత చవకైనా వదిలేయండి. దీనికి వాషర్ గట్టిపడింది కానీ లోపల శుభ్రంగా ఉంది.

ఇక నడక. 7009కి కీ తిప్పి వైండ్ చేయలేం. ఊపితేనే నడుస్తుంది. కాబట్టి ఆగి ఉంటే పాడైందని అనుకోవద్దు. సెకనుకి 6 టిక్కులు, అంటే గంటకి 21,600. ఫోన్ మైక్ దగ్గర పెట్టి టైమింగ్ యాప్ తెరిచాను. ఫ్యాన్ ఆపండి, లేకపోతే రీడింగ్ చెత్తగా వస్తుంది. రోజుకి 3 నిమిషాలు ఫాస్ట్ చూపించింది! కంపాస్ యాప్ పక్కన పెడితే ముల్లు ఊగింది. అయస్కాంతం పట్టిందన్నమాట. ఇన్నాళ్ళూ పాత స్పీకర్ బాక్సు మీద పెట్టారట. అమలాపురం పెద్దాయన చిన్న మిషన్ మీద రెండుసార్లు తిప్పితే రోజుకి 25 సెకన్లకి దిగింది. ఈ వయసు వాచీకి అది బాగున్నట్టే.

ధర లెక్కేటప్పుడు సర్వీసు ఖర్చు కలపడం మర్చిపోవద్దు. ఆయిలింగ్, వాషర్, అద్దం పాలిష్ కలిపి నాకు 1,500 అయింది. డయల్‌కి రంగేయిద్దామా అని పెద్దాయన్ని సరదాకి అడిగితే "వద్దండి, ఉన్నదే బావుంది" అన్నారు. చైను కూడా అసలుదే, కాస్త సాగింది అంతే.

అత్తయ్యగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 800కి ఇవ్వద్దు, నేనైతే 3,500 ఇస్తాను, సర్వీసు ఖర్చు నాదే అని. ఆవిడ వాచీ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నారు. "అబ్బాయి సంక్రాంతికి దోహా నుంచి వస్తాడు బాబూ, వాణ్ని ఓ మాట అడిగి చెప్తాను" అన్నారు. వాచీ వాళ్ళింట్లోనే ఉంది, ఈసారి స్పీకర్‌కి దూరంగా.