గేహజీ తీసుకొన్న రహస్యపు వెల

ఆరోగ్య పాఠము
ధ్యాన భాగములు: 2 రాజులు 5:15–27, ఆమోసు 8:4–6, లూకా 19:1–10



ఖమ్మం మార్కెట్‌కు మిర్చి తీసుకొని వెళ్లే మన కుసుమంచి రైతు కాంటా దగ్గర నుండి కదలడు. తూకం ఎంత వచ్చిందో, తరుగు ఎంత తీశారో కళ్లారా చూసుకొంటాడు. అదే రైతు తన తల్లిని ఆసుపత్రిలో చేర్పించినప్పుడు బిల్లు చేతికిస్తే మాట్లాడకుండా కట్టేస్తాడు. వెల సంగతి అడిగితే వైద్యం సరిగా చేయరేమోనని భయం. ఆ భయమే దురాశపరులకు పెట్టుబడి.

వాక్యము ఏమి నేర్పుతుంది?

సిరియా సైన్యాధిపతియైన నయమాను కుష్ఠు నుండి బాగుపడి ఎలీషాకు కానుకలు ఇవ్వబోయాడు. ప్రవక్త ఏమియు పుచ్చుకొనలేదు. అయితే సేవకుడైన గేహజీ నయమాను వెనుక పరుగెత్తి, ఇద్దరు యౌవనులు వచ్చారని అబద్ధమాడి, వెండిని బట్టలను తీసుకొని ఇంటిలో దాచాడు. ఎక్కడికి వెళ్లావని యజమానుడు అడిగితే, ఎక్కడికీ వెళ్లలేదన్నాడు.

నయమానుకు తాను మోసపోయిన సంగతే తెలియదు. సంతోషంగా ఇచ్చాడు. రహస్యపు వెల ఎప్పుడూ అలాగే ఉంటుంది: బాగుపడిన రోగి కృతజ్ఞతను, అతనికి తెలియకుండానే డబ్బుగా మార్చుకొంటుంది.

ఆమోసు ప్రవక్త కూడా కొలపాత్రను చిన్నది చేసి, తూకపురాయిని పెద్దది చేసిన వర్తకులను గద్దించాడు. దేవుడు వ్యాపారాన్ని తప్పు పట్టలేదు. పనివానికి కూలి, వైద్యునికి ఫీజు, మందు తయారుచేసినవారికి లాభం న్యాయమే. పేదవాని కంటికి కనబడని దొంగత్రాసును ఆయన అసహ్యించుకొంటాడు.

నేటి దొంగత్రాసు

మందు అట్ట మీద ఎంఆర్‌పీ అని ఉంటుంది. అది ప్రభుత్వం కట్టిన వెల అని చాలామంది అనుకొంటారు. ఎంఆర్‌పీ అంటే అంతకు మించి అమ్మకూడదని మాత్రమే అర్థం. తక్కువకు అమ్మవచ్చు. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి 2013 నాటి ఉత్తర్వు ప్రకారం ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. తక్కిన అనేక మందులకు మొదటి ధరను కంపెనీయే వేసుకొంటుంది. దుకాణానికి ఎంతకు ఇచ్చారో ఆ అట్ట మీద ఉండదు.

గుండె రక్తనాళంలో వేసే స్టెంటు సంగతి చూడండి. మందు పూసిన స్టెంటు ఎంఆర్‌పీ లక్ష రూపాయలు దాటి ఉండేది. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ దానికి 29,600 రూపాయలు, మామూలు స్టెంటుకు 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించింది. తర్వాత ఆ ధరలు కొంత మారాయి. 2018లో అదే సంస్థ ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలించగా కొన్ని వస్తువులపై లాభం 1,737 శాతం వరకు ఉన్నట్లు తేలింది.

తక్కువ వెలకు తయారు చేయడం అసాధ్యమా? 1998లోనే అబ్దుల్ కలాం గారు, హైదరాబాదు హృద్రోగ నిపుణులు సోమరాజు గారు కలిసి చవకైన స్టెంటును రూపొందించారు. మనసుంటే మార్గముంటుంది.

మనము చేయవలసినవి

1. ఆపరేషన్‌కు ముందే ఖర్చు అంచనా కాగితం మీద అడగండి. అడగడం అవిశ్వాసం కాదు.
2. మందులకు, పరీక్షలకు, పరికరాలకు విడివిడిగా బిల్లు తీసుకోండి.
3. చీటీలోని మందునే జనరిక్ రూపంలో వాడవచ్చా అని వైద్యుని అడగండి. 2008లో మొదలైన జన ఔషధి దుకాణాలలో ఇవి తక్కువ ధరకు దొరుకుతాయి. మూర్ఛ, థైరాయిడ్, రక్తం పలుచన చేసే మందులను మాత్రం వైద్యునికి చెప్పకుండా మార్చవద్దు.
4. ఆరోగ్యశ్రీ కింద చేసే చికిత్సకు డబ్బు అడిగితే అక్కడి ఆరోగ్యమిత్రకు చెప్పండి.
5. ఊరిలో మిమ్మల్ని పట్టణానికి తీసుకొని వెళ్లేవారికి కమీషన్ ముడుతుందేమో ఆలోచించండి. రోగిని పంపినందుకు వైద్యులు కమీషన్ పుచ్చుకోవడాన్ని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి నిషేధించింది.

మనలను మనము పరీక్షించుకొందము

కంపెనీలను నిందించడం సులభం. గేహజీ ఎక్కడివాడు? ప్రవక్త ఇంటివాడు. మిషన్ ఆసుపత్రి అని బోర్డు పెట్టినంత మాత్రాన గేహజీ లోపలికి రాడని చెప్పలేము. మా మందుల గదిలోనైనా, ల్యాబులోనైనా, వార్డులో చేయి చాపే చోటనైనా దాచిన వెల ఉంటే అది దేవుని ఎదుట దాగదు. మా బిల్లును కూడా అడగండి. మీరు అడిగితే మేము జాగ్రత్తగా ఉంటాము.

జక్కయ్య మారుమనస్సు కన్నీళ్లతో ఆగలేదు, లెక్కల దాకా వెళ్లింది. అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. సంఘంలో దుకాణం నడిపేవారు, వడ్డీకిచ్చేవారు, ఎరువులు అమ్మేవారు కూడా ఈ మాట ఆలోచించాలి.

కుటుంబ ప్రార్థనలో చర్చించుటకు

• నేను అమ్మేదానిలో కొనేవానికి చెప్పని వెల ఏదైనా ఉన్నదా?
• ఖర్చు అడగడానికి భయపడే పొరుగువానితో ఆసుపత్రికి తోడుగా వెళ్లగలనా?

ప్రార్థన: ప్రభువా, మా త్రాసులను, మా బిల్లులను నీ వెలుగులో ఉంచుము. రోగి భయమును మా లాభముగా చేసుకొనకుండ మమ్మును కాపాడుము. ఆమేన్.