వెనుక నిలిచిన వీరుడు

పాతపట్నమున మహేంద్రతనయ యొడ్డున బంతియాడు బాలురలో గోలు వేయ నందఱును కోరుదురు. వెనుక నిలిచి కాచుట కెవ్వడును ముందునకు రాడు. ఏలయన, వేసిన గోలు లెక్క కెక్కును; ఆపిన గోలు ఎక్కదు. అట్టి స్థానమునే హైదరాబాదు క్రీడాకారుడు సయ్యద్ నయీముద్దీన్ కోరి వరించెను.

1944లో జన్మించిన యితడు కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్లలో ఆడి పేరొందెను. 1970లో బాంకాకు ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాలు జట్టునకు నాయకుడయ్యెను. కాంస్య పతకపు పోటీలో మన జట్టు జపానును 1-0తో నోడించెను. గోలు ఒక్కటే గనుక, వెనుకవారు ఒక్క బంతిని విడిచినను ఆ యాధిక్యము నశించెడిది.

ఆ యేడే అతనికి అర్జున పురస్కారమును, శిక్షకుడైన పిదప 1990లో ద్రోణాచార్య పురస్కారమును లభించెను. ఆపిన గోలులను దేశము లెక్కింపకపోలేదు.