పుట్టినరోజుకి ఏం కొనాలని అడిగావు కదా

కాకినాడ

చి.ల.సౌ. అమ్మాయికి,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోనులో చెప్తే సగం మర్చిపోతానని కాగితం మీద పెడుతున్నాను.

బాబు పార్కులో పిల్లల పక్కన చేరతాడు గానీ వాళ్ళతో కలవడు, తన ఇసుక తనదే అంటాడు, ఏమన్నా లోపమా అని కదా నీ బెంగ. నాలుగో ఏడు రాబోతున్న పిల్లాడికి అది మామూలే. అమెరికాలో మిల్డ్రెడ్ పార్టెన్ అనే ఆవిడ నర్సరీ పిల్లల్ని గమనించి 1932లోనే ఈ సంగతి రాసింది. కొందరు ఒంటరిగా ఆడతారు, కొందరు నిలబడి చూస్తారు, కొందరు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడతారు. కలిసి ఆడటం మెల్లగా వస్తుంది. మన వీధుల్లో పెద్దపిల్లలు ఏ పుస్తకమూ చదవకుండానే దీనికో దారి చూశారు: చిన్నవాణ్ణి ఆటలో అరటిపండుగా పెట్టుకున్నారు. వాడు ఔటవడు, దొంగవడు, ఊరికే వెంట పరుగెడతాడు. అలా చూస్తూనే ఆట పట్టుకుంటాడు. నువ్వు మాత్రం వాణ్ణి వెనకనుంచి తోయకు.

నాకు బెంగ వేరే చోట ఉంది. వాడి గదిలో ఉన్నవన్నీ ఏకరువు పెట్టావు. అక్షరాల పజిల్, అంకెల పజిల్, బటన్ నొక్కితే రైమ్ పాడే ఏనుగు, ట్యాబ్. ఇన్నున్నా వాడి రోజంతా ఒకటే రకం ఆట. బొమ్మ అడుగుతుంది, వీడు జవాబు చెప్పాలి, ఆ జవాబు కూడా ఒక్కటే. అది చెడ్డదనను, కానీ మిగతా ఆటలేవి?

అన్నిటికన్నా ముందు ఉత్తుత్తి ఆట కావాలి. కర్రని గుర్రం చేసుకుని ఎక్కే పిల్లాడి గురించి రష్యాలో వైగోట్‌స్కీ 1933లో ఒక ఉపన్యాసంలో మాట్లాడాడు. కంటికి కనిపించేది కర్ర, మనసులో ఉన్నది గుర్రం. ఆ రెంటినీ విడదీయగలిగిన పిల్లాడికే రేపు నాలుగు వంకర గీతల్లో ‘అ’ వినపడుతుందని నేనంటాను. మా అంగన్‌వాడీలో గుజ్జనగూళ్ళు ఆడేటప్పుడు పుట్నాలిచ్చి అన్నమనుకోమనేదాన్ని. మామూలుగా గుప్పిట్లో పడగానే నోట్లో వేసుకునే పిల్లలు, బొమ్మ తినేదాకా ఆగేవాళ్ళు. నేను ఆగమంటే ఆగరు. అమ్మ వేషంలో ఉన్నారు కాబట్టి ఆగారు. అందుకే వాడు తనలో తాను మాట్లాడుకుంటుంటే అడ్డం పోకు. కొట్టు ఆటలో నిన్ను బేరానికి పిలిస్తే బేరమే ఆడు, మధ్యలో “ఇదేం రంగు నాన్నా?” అని టీచరువైపోకు.

ఫ్లాట్లో ఒళ్ళు అలిసే ఆటలెక్కడ అంటావు. మెట్లున్నాయి, పార్కుంది, సుద్దముక్కతో గీస్తే తొక్కుడుబిళ్ళ ఉంది. ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం ఏ యాప్ నేర్పుతుంది? బాల్కనీలో బకెట్ నీళ్ళు, ఓ పొడుగు గ్లాసు, వెడల్పు గిన్నె పెట్టి దగ్గరే కూర్చో. గ్లాసులోంచి గిన్నెలో పోస్తే నీళ్ళు తగ్గాయంటాడు. దిద్దకు. ఆరేడేళ్ళ దాకా అలాగే అంటారు, పోసి పోసి వాళ్ళే తేల్చుకుంటారు.

నియమాల ఆటలకి తొందర లేదు. ఐదారేళ్ళొచ్చాక అష్టాచెమ్మా, వామనగుంటలు మొదలుపెట్టు, లెక్క దానంతటదే వస్తుంది. అసలు లాభం లెక్క కాదులే, “తొండి!” అని లేచే గొడవ. స్విట్జర్లాండ్‌లో పియాజే గోలీలాడే పిల్లల్ని ఈ నియమాలెవరు పెట్టారని అడిగాడు. చిన్నవాళ్ళు అవి పెద్దవాళ్ళవి, మార్చకూడదన్నారు. పదేళ్ళు దాటినవాళ్ళు అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చన్నారు. ఆ ఒప్పుదల పిల్లలకి ఇలాంటి పోట్లాటల్లోనే అలవాటవుతుందని నా నమ్మకం. కాబట్టి తీర్పు చెప్పడానికి పరుగెత్తకు, వాళ్ళ ముఖాలు చూడు. నవ్వుతూ కలబడుతుంటే అదీ ఆటే. ఒకడి ముఖం బిగుసుకుంటే అప్పుడు వెళ్ళు.

ఇక పుట్టినరోజుకి నువ్వేం కొనకు. ఏటికొప్పాక లక్కపిడతల సెట్టు నేను పంపుతున్నాను. అంకుడు కర్రతో చేసినవి, సహజమైన రంగులు. మగపిల్లాడికి లక్కపిడతలేమిటని మీ అత్తగారంటే నా పేరు చెప్పు, నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ