పురిటి గదిలోకి కూడా ధమ్మం రావాలి

 

దీక్ష తీసుకున్నాం, 22 ప్రతిజ్ఞలు చేశాం. పెళ్లికీ చావుకీ మన పద్ధతి మనం నేర్చుకున్నాం. కానీ బిడ్డ పుట్టగానే పంచాంగం మళ్లీ ఇంట్లోకొస్తుంది. ఏ నక్షత్రం? శాంతి చేయించాలా? ఈ పాఠం కొత్తగా అమ్మానాన్నలైన మీకోసమే.

బాబాసాహెబ్, రమాబాయి దంపతులకు ఐదుగురు పిల్లలు. యశ్వంత్ ఒక్కడే మిగిలాడు, నలుగురు పసితనంలోనే పోయారు. చివరివాడు రాజరత్న పోయింది 1926లో. రెండేళ్లకు, 1928లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్లకు ప్రసూతి భత్యం ఇవ్వాలనే బిల్లును బొంబాయి శాసన మండలిలో ఆయన గట్టిగా సమర్థించారు. గ్రహాలకు శాంతి చేయించమని కాదు, తల్లికి విశ్రాంతీ జీతమూ ఇమ్మని అడిగారు.

పెద్దలు చెప్పారనో, ఎప్పట్నుంచో ఉందనో దేన్నీ ఒప్పుకోవద్దనీ, మేలో కీడో మీరే చూసుకోమనీ కాలామ సుత్తంలో బుద్ధుడు చెప్పాడు. మన ఇళ్లలో జరిగేవాటిని అలాగే చూద్దాం.

మొదట ముర్రుపాలు. పచ్చగా, చిక్కగా ఉన్నాయని పిండి పారబోయించేవాళ్లు ఇంకా ఉన్నారు. రోగాల్ని ఆపే శక్తి ఎక్కువగా ఉండేది ఆ పాలల్లోనే. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి. ఆపరేషన్ అయినా సరే, నర్సమ్మను అడిగి పట్టించండి. తేనె, చక్కెర నీళ్లు, ఆముదం, గాడిదపాలు ఏవీ వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా నాకించనే కూడదు. ఆరు నెలలు తల్లిపాలే చాలు, మండు వేసవిలో కూడా నీళ్లు అక్కర్లేదు.

బొడ్డుకి బూడిద, పసుపు, నూనె పెట్టకండి. పొడిగా వదిలేస్తే దానంతటదే రాలిపోతుంది. కళ్లకు కాటుక వద్దు, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. అరికాలికి చుక్క పెడతానని అమ్మమ్మ పట్టుబడితే కొట్లాడకండి. దిష్టి సంగతి ఇంకో పాఠంలో మాట్లాడుకుందాం. ఆమె ఒళ్లో పడుకోబెట్టి మెల్లగా నూనె రాయడం, జోలపాట పాడటం మాత్రం బిడ్డకు మంచిదే. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయనీయొద్దు, అంతే.

ఇక తల్లి. మైత్రి అంటే ఏమిటో చెప్పడానికి మెత్త సుత్తం ఒక్కగానొక్క బిడ్డను కాపాడుకునే తల్లినే చూపిస్తుంది. మరి ఆ తల్లిని చూసేదెవరు? పథ్యం పేరుతో కారప్పొడి అన్నం పెట్టి, నీళ్లు తాగితే బిడ్డకు జలుబంటారు. బాలింతకు పప్పు, ఆకుకూర, గుడ్డు, చేప, కడుపునిండా నీళ్లు కావాలి. అన్నా, రాత్రి బిడ్డను ఎత్తుకోవడం, తడి గుడ్డలు ఉతకడం నీ పని కూడా. ఆడపిల్ల పుట్టిందని పసేనది రాజు దిగులుపడితే, ఆడబిడ్డ మగబిడ్డ కంటే మేలైనది కావచ్చని బుద్ధుడు చెప్పాడు. రెండు వారాలు దాటినా ఆమె ఏడుస్తూ, ఏదీ పట్టనట్టు ఉంటే గాలి సోకిందనకండి. అది జబ్బు, డాక్టర్‌కి చూపించండి.

బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు కాలిపోతున్నా, చల్లబడినా, కదలకుండా మత్తుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, అరిచేతులూ అరికాళ్లూ పచ్చబడినా తాయెత్తు కోసం పరుగెత్తకండి. డొక్కలు ఎగరేస్తున్నా, నిమిషానికి 60 సార్లో అంతకంటే ఎక్కువో ఊపిరి తీసుకుంటున్నా అంతే. తెల్లారనీ అని ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

టీకాల కార్డు భద్రం. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. తర్వాత 6, 10, 14 వారాలకు, ఆ తర్వాత 9 నెలలకు. సూది వేశాక ఒకరోజు ఒళ్లు వెచ్చబడితే భయపడి తర్వాతిది మానొద్దు.

ఆస్పత్రిలో కాన్పయితే ఆశా అక్క 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. బిడ్డను తూచి, ఒళ్లు వేడి చూసి, పాలు ఎలా తాగుతుందో చూస్తుంది. మన పేటకు రాలేదా? మీరే ఫోన్ చేసి పిలవండి. అప్పటికీ రాకపోతే పీహెచ్‌సీకి వెళ్లి, మా వీధికి ఎందుకు రావట్లేదని డాక్టర్‌నే అడగండి.