సినిమా ముచ్చట రాసే బిడ్డకు

కొండాపూర్,
సంగారెడ్డి జిల్లా



ఈమధ్య చూసిన సినిమాల మీద నువ్వు రాసి పంపిన కాగితాలు అందినయి. తీరిగ్గా చదివిన. నీ చేతిరాత అచ్చం మీ నాయినదే అని మీ పెద్దమ్మ మురిసిపోయింది. నాకైతే రాత కంటే రాసిన సంగతి మీద కొంచెం చెప్పాలనిపించింది.

‘కోర్ట్’ గురించి రాసిన పేజీల సగం వసూళ్లే ఉన్నయి. పెట్టుబడి ఎంత, మొదటి వారం ఎంత, అమెరికాల ఎంత! ఆ తర్వాత ‘సెకండాఫ్ ల్యాగ్’ అని ఒక ముక్క, ఆఖరుకు మూడున్నర చుక్కలు. ఆ సినిమా నువ్వు చూసినవా బిడ్డా, నిర్మాత దగ్గర పద్దులు రాసే గుమాస్తా చూసిండా?

వసూలు సంగతి నాకు తెల్వదు. మంగపతి తెలుసు. శివాజీ వేసిన ఆ పాత్ర ఉన్నది చూడు, ఇంట్ల ఆడపిల్ల కట్టే బట్ట మీద, పోయే దారి మీద కన్నేసి కూసునే మనిషి. అసొంటోడు మన చుట్టాలల్ల లేడా? పేరు మాత్రం రాయకు, పెండ్లిళ్లల్ల మొకాలు చూసుకునుడు కష్టమైతది. కథ 2013ల విశాఖపట్నంల జరిగినట్టు పెట్టిండ్రు. పసిపిల్లలకు రక్షగా 2012ల వచ్చిన పోక్సో చట్టాన్ని పరువు కోసం, పగ కోసం వాడుకుంటే 19 ఏండ్ల పిల్లగాని బతుకు ఏమైతదో చూపిండ్రు. ఆ చందు నీ ఈడోడే. బోనుల వాడు నిలబడ్డప్పుడు నీ కడుపుల ఏమైందో నాకు కావాలె. దాని మీద నువ్వు ఒక్క వాక్యం రాయలే.

‘బలగం’ మీద రాసింది కొంచెం నయం. కాని నువ్వు కూడా అందరి లెక్కనే ఆఖరు పాట కాడికే ఉరికినవు. ఆ పాట గొప్పదే, కాదన. పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే ఊర్లల్ల తెర కట్టి చూసిన జనం ఏడ్చుడు నిజమే. అంత పాటకు ముందు డైరెక్టర్ వేణు ఎల్దండి ఏం చేసిండో చూడు. ఇంటల్లుడు నారాయణకు బువ్వ కాడ నల్లి బొక్క పడలే. అంతే. ఆ ఒక్క బొక్క మీద మాట మాట పెరిగి, ఆడబిడ్డ ఇరవై ఏండ్లు పుట్టింటి గడప తొక్కలే. ఆస్తి తగాదా పెట్టొచ్చు, కత్తులు పెట్టొచ్చు. నల్లి బొక్క పెట్టిండు! మన దిక్కు దావత్‌లల్ల గిన్నె ఎటు నుంచి వచ్చింది, గంటె ఎవరి కాడ ఆగింది అని చూసుకుంట కూసునేటోళ్లు ఎంతమంది లేరు. అది తెలిసినోడే ఆ సీను రాయగలడు. సావు తర్వాత పెట్టిన బువ్వ పిట్ట ముట్టకపోవుడు, ఆఖరు పాట, అందరి కండ్లల్ల నీళ్లు, అన్నీ ఆ బొక్క మీదనే నిలబడ్డయి. ఈసారి చూసినప్పుడు ఆ భోజనం సీనుల ఎవరు ఎవరి దిక్కు చూసిండ్రో రాసుకో.

ఇంకొక పని చెప్త. నటుడు ప్రియదర్శిని పట్టుకో. ‘మల్లేశం’, ‘బలగం’, ‘35 చిన్న కథ కాదు’, ‘కోర్ట్’, నాలుగింట్ల ఆయనే. ‘బలగం’ల అప్పుల పాలై, తాత సావుల గూడ తన పెండ్లి సంగతే ఆలోచించే సాయిలు. ‘35’ల పిల్లగాన్ని సున్నా అని పిలిచే లెక్కల సారు. ‘కోర్ట్’ల పెద్ద వకీలు కింద అవకాశం కోసం ఎదురుచూసే జూనియరు. మెడ ఎక్కడ వంగింది, ఎక్కడ బిగుసుకుంది, భుజాలు ఎట్ల పెట్టిండు? సప్పుడు బంద్ చేసి చూడు, మస్తు తెలుస్తది. ‘నటన బాగుంది’ అనే మాట తర్వాత నీకే సిగ్గనిపిస్తది.

వాటిల్ల నాకు దగ్గరిది ‘మల్లేశం’. పటాన్‌చెరుల లేత్ మిషన్ ముందల నిలబడి బతికినోన్ని, నాకు వేరేది ఎట్ల నచ్చుతది? పోచంపల్లి చీర ఒకటి నేయాలంటే దారం ఆసు పోసే తల్లి చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలె. చింతకింది మల్లేశం అమ్మ కష్టం చూడలేక ఆసు పోసే మిషన్ చేసుడు మొదలుపెట్టిండు. ఏండ్లకు ఏండ్లు కుదరలే. ఆఖరుకు 1999ల బాలానగర్‌ల వేరే మిషన్ కదలిక చూస్తే దారి దొరికింది. 2017ల పద్మశ్రీ ఇచ్చిండ్రు. సినిమాల ఆయన చేసిన మిషన్ తిరిగినట్టే తిరిగి ఆగిపోయినప్పుడల్ల నా చేతులు గుంజినయి. నువ్వేమో ‘స్లో నరేషన్’ అని రాసినవు. మిషన్ కుదరకపోవుడు స్లోగానే ఉంటది బిడ్డా.

నీకు ఉరుకులాట ఎక్కువైంది. రాత్రి ప్రీమియర్ చూసి పొద్దుగాల వరకు రాసి పడేయాలని ఎవరు చెప్పిండ్రు? 2024 డిసెంబర్ 4న సంధ్య థియేటర్ కాడ ‘పుష్ప 2’ ప్రీమియర్‌ల తొక్కిసలాటల ఒక తల్లి పానం పోయింది. మూడు దినాలు ఆగితే సినిమా యాడికీ పోదు.

హైదరాబాద్‌ల నువ్వుండే కొండాపూర్ పక్కన మాల్ ఉన్నది, ఏఎంబీ సినిమా హాలు ఉన్నది. మా కొండాపూర్‌ల మట్టి దిబ్బలు, మ్యూజియం ఉన్నయి. వచ్చినప్పుడు తీస్కపోత. శుక్రవారం మాత్రం రాకు, సెలవు. అక్కడ శాతవాహనుల నాణేలు అందరూ చూస్తరు. నువ్వు తెల్లమట్టి బొమ్మలు చూడు. ఏలెడు బొమ్మకు సుత జుట్టు ఎట్ల ముడిసిండ్రో కనబడుతది.

ఇంకొకటి కూడా మనసుల పెట్టుకో. మన మెదక్ దిక్కే 1979ల ‘మా భూమి’ తీసిండ్రు, ఊరోళ్లు అండ్ల కనబడ్డరు. ఆ తర్వాత ఈ నేల మీద ఎన్ని కంపెనీలు లేచినయి! షిఫ్ట్ బస్సులు, నక్కవాగు నీళ్ల రంగు, ఒక్క అర్రల మంది మందిగా పండే బిహార్, ఒడిశా పిల్లలు, వీళ్లు ఏ సినిమాల ఉన్నరు? 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి కంపెనీ పేలుడుల 40 మందికి పైగా పోయిండ్రు. టీవీల రెండు దినాలు చూపి బంద్ చేసిండ్రు. తెర మీద ఎవరున్నరో రాస్తున్నవు గదా, ఎవరు లేరో కూడా ఒక వరుస రాయి.

‘కోర్ట్’ మళ్ల చూసి మళ్ల రాసి పంపు. చుక్కలు వద్దు, వసూళ్లు అసలే వద్దు.

ఇట్లు,
మీ పెదనాయిన