బక్క కుక్కపిల్లకు ఏం పెట్టాలి?

పిల్లలూ! తాండూరులో నాపరాళ్ళ కుప్పల పక్క తల్లి లేని కుక్కపిల్ల ఒకటి కనిపించిందనుకోండి. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు, పొట్ట మాత్రం బుడ్డలా ఉంది. కోలుకునేదాకా సాకుదామని ఇంటికి తెచ్చి, జాలితో గిన్నెడు పాలు పోస్తారు కదూ? ఆగండి!

తల్లికుక్క పాలకంటే ఆవుపాలలో లాక్టోజ్ అనే చక్కెర ఎక్కువ. మాంసకృత్తులు, కొవ్వు సగం కూడా ఉండవు. ఆ చక్కెర అరగక విరేచనాలు పట్టుకుంటే బక్కప్రాణి తట్టుకోలేదు.

ఇంకో చిక్కుంది. చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా తిండి అందితే, రక్తంలోని భాస్వరం, పొటాషియం గబగబా కణాలలోకి వెళ్ళిపోతాయి. గుండె తడబడుతుంది. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక చెర వీడిన ఖైదీలలో కొందరు ఆకలితో కాదు, కడుపునిండా తిన్నాక చనిపోయారు!

కాబట్టి ముందు వెచ్చదనం. నాపరాయి ఒంటి వేడిని లాగేస్తుంది, గోనెసంచి పరవండి. తరువాత పెద్దవాళ్ళతో కలిసి తాండూరులోనో వికారాబాదులోనో పశువైద్యునికి చూపించండి. ఆ బుడ్డపొట్టలో ఏలికపాములు ఉండవచ్చు. తల్లి కడుపులో ఉండగానే అవి పిల్లకు సోకుతాయి. మందు మోతాదు బరువునుబట్టి ఉంటుంది గనుక డాక్టరే చెప్పాలి.

పళ్ళు వచ్చిన పిల్లకైతే మెత్తని అన్నంలో ఉడికిన గుడ్డో, ఎముకలు తీసిన కోడిమాంసమో కలిపి, కొద్దికొద్దిగా రోజుకు నాలుగైదుసార్లు పెట్టండి. మన తాండూరు కందిపప్పు ఎంత రుచైనా, ఉల్లి, వెల్లుల్లి పడితే దానికి వద్దు. అవి ఎర్ర రక్తకణాలను చిట్లగొడతాయి.

పిల్ల కరిచినా, గీరినా 15 నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

రోజూ ఒకే వేళకు తూచి బరువు రాసిపెట్టండి. రెండు రోజులు అంకె కదలకపోతే ఆ కాగితం తీసుకుని మళ్ళీ డాక్టరు దగ్గరికే.